హెడ్స్ అప్ అంటే తల పైకెత్తుమని కాదు

ఇయ్యాల శుక్రవారం, డ్యూటీ లేదు. మనసుల పెట్టుకున్న ముచ్చట ఒకటి రాస్తున్నం.

మేము పనిచేసేది దోహాలో. పోయిన నెల పరంజా మీదికెళ్లి ఒకాయన "హెడ్స్ అప్" అని కేక పెట్టిండు. కింద మన జగిత్యాల దిక్కు పిల్లగాడు. వచ్చి మూడు నెలలు. హెడ్ అంటే తల, అప్ అంటే పైకి, రెండూ బడిలో నేర్చుకున్నవే. తల పైకెత్తి చూసిండు. పైపుల క్లాంపు వచ్చి దవడకు తగిలింది. తల వంచుకొని ఉంటే హెల్మెట్ మీద పడేది. రెండు పండ్లు ఊడినయి, ఐదు కుట్లు పడ్డయి. కాగితం మీద మాత్రం "వర్కర్ అజాగ్రత్త" అని రాసిండ్రు.

ఆ కేకకు అర్థం, మీదికెళ్లి ఏదో వస్తున్నది, పైలం అని. అదే మాట ఫోన్ మెసేజ్‌లో వస్తే అర్థం వేరే. "జస్ట్ ఎ హెడ్స్ అప్, రేపు కాంక్రీట్ పొద్దున నాలుగింటికి" అని ఇంజనీర్ పంపితే, ముందుగాల చెప్తున్న, తయారుగుండు అని. ఇది తెలువక మేమే ఒకసారి క్రేన్ కింద మనుషులను ఖాళీ చేయించినం. నవ్వకండ్రి. పదో తరగతి చదివి ఇరవై ఏండ్లు దాటింది మాకు.

ఇంకో సంగతి. క్యాంపులో కొందరికి ఆఫీసోళ్లు "హెడ్స్ అప్, వచ్చే నెల నీ పని ఉండదు" అని చెప్తున్నరు. మనోళ్లు అదే నోటీసు అనుకొని బ్యాగులు సర్దుకుంటున్నరు. హెడ్స్ అప్ నోటి ముచ్చట, నోటీసు కాగితం. ఖతార్‌లో 2020లో మార్చిన చట్టం ప్రకారం నోటీసు రాతపూర్వకంగా ఇయ్యాలె. మొదటి రెండేండ్ల సర్వీసుల ఒక నెల ముందు, అది దాటితే రెండు నెలల ముందు. అందుకే "సార్, పేపర్ ఇయ్యండి" అని అడుగుండ్రి. ఆ అడిగే తెలివి మాకు ఎన్నడో ఉంటే బాగుండు.

మనోళ్లు ఇంగ్లీష్ నేర్చుకోవాలె, కాదనం. కానీ కింద తెలుగోళ్లు, నేపాలీలు, బంగ్లాదేశోళ్లు ఉన్నకాడ ప్రాణం కాపాడే కేక ఇంగ్లీషులనే ఎందుకు? "హటో" అంటే మా సైట్‌లో అందరికీ తెలుసు. మా తప్పు కూడా ఉన్నది. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో "అండర్‌స్టాండ్?" అనంగనే అర్థం కాకున్నా అందరం "యస్ సార్" అని సంతకం పెడ్తం. అర్థం కాలేదంటే ఎక్కడ ఇంటికి పంపుతరో అని భయం. సూపర్‌వైజర్లమైన మేమే అట్ల అంటే కొత్త పిల్లలు ఏమంటరు?

రేపు పొద్దున టాక్‌లో ముందు మేమే లేచి, అర్థం కాలేదు సార్ అంటం. పరంజా మీదోళ్లు "హటో" అనే కేక పెట్టాలె అని అడుగుతం. ఇంజనీర్ ఒప్పుకుంటడో లేదో, వచ్చే శుక్రవారం రాస్తం.