ముందు చూడండి, తర్వాతే మందు

పిల్లలూ! మీ బడి ఆవరణలో గాని, పార్కులో గాని మోర్పంఖి చెట్టు ఉందా? నెమలి ఈకల్లాంటి ఆకులతో గుబురుగా పెరిగే ఈ చెట్టు పైన్, దేవదారు చెట్లకు చుట్టమే. దీని పుట్టిల్లు చైనా, కొరియా ప్రాంతాలు.

దాని కొమ్మలకు ఎండుపుల్లలు, ఆకుముక్కలు అతికించిన చిన్న సంచులు వేలాడుతుంటే కాయలనుకోకండి. కాసేపు కదలకుండా నిలబడి చూడండి. సంచి నడుస్తుంది! లోపల ఉన్నది చిమ్మెట పిల్ల, అంటే గొంగళిపురుగు. పట్టుదారంతో సంచి అల్లుకొని, దాన్ని మోసుకుంటూనే ఆకులు తింటుంది. ముట్టుకుంటే చటుక్కున తల లోపలికి లాక్కుంటుంది. దీన్ని సంచిపురుగు అందాం.

పత్తి, కంది పండించే నారాయణఖేడ్ ప్రాంతపు పిల్లలకు పురుగు అనగానే మందు పంపు గుర్తుకు రావడం సహజం. కాని ఇక్కడ పంపు కన్నా మీ చేతులే మేలని నా అభిప్రాయం. ఎందుకంటారా?

పురుగు సంచిలో దాక్కుంటే మందు దానికి సరిగా తగలదు. ఆ పురుగులో గుడ్లు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగలు మాత్రం చస్తాయి. చెట్టుకింద ఆడుకునేదీ మీరే కదా! పైగా ఆడ చిమ్మెటకు రెక్కలుండవు. అది సంచిలోనే ఉండి, వందల గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. కాబట్టి పిల్లలు బయటికి రాకముందే ఒక్క సంచి తీసేస్తే వందల పురుగులను ఆపినట్టే!

అలాగని ఊరికే వదిలేయకూడదు. తుమ్మచెట్టు ఆకు పోయినా మళ్ళీ చిగురిస్తుంది. మోర్పంఖి ముదురు కొమ్మ బోడి అయితే తిరిగి చిగురించడం కష్టం.

సంచులను కత్తెరతో కత్తిరించి సబ్బునీళ్ళలో ముంచండి. నేలమీద పారేయకండి. ఒకదాన్ని మాత్రం సీసాలో ఉంచి, పలుచని గుడ్డ కట్టి రోజూ గమనించండి. చిమ్మెట వస్తుందా, కందిరీగ వస్తుందా? కందిరీగ వస్తే వదిలిపెట్టండి. అది మీ స్నేహితురాలు.

చెట్టు ఎత్తుగా ఉండి చేతికందకపోతే? పురుగులు చిన్నగా ఉన్నప్పుడే పెద్దల చేత బీటీ బాక్టీరియా మందు చల్లించవచ్చు. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తికి ఆ పేరు వచ్చింది ఈ బాక్టీరియా నుంచే.

శత్రువును ఓడించాలంటే ముందు దాని బతుకు తెలియాలి. రేపు బడికి వెళ్ళగానే చెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగి చూస్తారు కదూ?