సన్నది మనకి, పనికొచ్చేది వాళ్ళకి

మొన్న సాయంత్రం మా పక్కింటామె ఫోన్ పట్టుకుని వచ్చింది. వాళ్ళది వినాయకుడి బొమ్మలు చేసే ఇల్లు. మా ధూల్‌పేట్‌లో చాలా ఇళ్ళు అంతే, చవితికి బొమ్మలు, రాఖీ పున్నానికి రాఖీలు, సంక్రాంతికి పతంగులు. ఈసారి చవితి డబ్బుల్లో అప్పులు పోగా మిగిలినవి బీరువాలో దాచి, డిగ్రీలో చేరిన కూతురికి ల్యాప్‌టాప్ కొంటానంటోంది. ఫోన్‌లో ఒకమ్మాయి రెండు వేళ్ళతో ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వుతోంది.

"రొట్టె లెక్క పల్చగుంది చూడు దీదీ. ఇదే తీసుకుంటా."

ఆ రొట్టె నేను మూడేళ్ల కిందే తిన్నాను. అందుకే ఈ కోపం.

అప్పుడు నా చిట్టీ డబ్బు 28 వేలు చేతికొచ్చింది. కొట్టుకు వెళ్తే కుర్రాడు నా వైపు చూడనైనా చూడకుండా మా ఆయన్ని అడిగాడు, "ఎవరికి సార్?" అని. ఈయన "మేడమ్‌కి" అన్నారు. అంతే, ముందు తీసిన డబ్బా లోపల పెట్టేసి, గులాబీ రంగుది ఒకటి బయటికి తీశాడు. "లేడీస్‌కి ఇది చాలు సార్. బరువుండదు, అందంగా ఉంటది." నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

అందులో 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస అవసరం సరిగ్గా అంతే. కనీసం అంటే ఊపిరి ఆడేంత. ఏడాది తిరిగేసరికి అప్‌డేట్ రావడానికి చోటు లేదంది. తెలుగులో ఒక పేజీ రాస్తూ పక్కన యూట్యూబ్ తెరిస్తే రెండూ బిగుసుకుపోయేవి. రిపేరు చేసే అబ్బాయి మూత విప్పి చూపించాడు. ర్యామ్, నిల్వ రెండూ బోర్డుకే సోల్డర్ చేసి ఉన్నాయి. "పెంచడానికి లేదమ్మా. కొత్తది కొనుక్కోండి" అన్నాడు.

ఎందుకట్లా చేస్తారో ఆరోజే అర్థమైంది. ర్యామ్ తీసి పెట్టుకునే స్లాట్ ఉండాలంటే దానికి కొంత ఎత్తు కావాలి. బోర్డుకే అతికిస్తే ఆ కాస్త మందం మిగులుతుంది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించినప్పటి నుంచీ ఈ సన్నదనం పిచ్చి మొదలైంది. దాంట్లోనూ ర్యామ్ అతికించిందే. కానీ దాని ధర 1,799 డాలర్లు. ఇప్పటి ఖరీదైన సన్నవాటిలో ముందే 16 జీబీ పెట్టి అతికిస్తారు, నాలుగైదేళ్ళు గడిచిపోతుంది. చవక వాటిలో 4 జీబీ పెట్టి అతికిస్తారు. నడుము మాత్రం ఒకటే. మనకి అమ్మేది ఆ నడుమునే.

ఇక బరువు సంగతి. ఆడవాళ్ళు మోయలేరని ఎవరు చెప్పారు వీళ్ళకి? గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి దాదాపు 30. దాన్ని వంటింట్లోకి దొర్లించేది ఎవరు? 20 లీటర్ల నీళ్ళ డబ్బా ఎత్తి పెట్టేది ఎవరు? అప్పుడు పుట్టని జాలి ఒక 300 గ్రాముల దగ్గర పుడుతుంది! పైగా ప్రకటనలో రాసే బరువులో చార్జర్ ఉండదు. సన్నదాంట్లో బ్యాటరీ చిన్నదైతే ఆ చార్జర్ కూడా సంచిలో మోయాల్సిందే.

సన్నవాటిలో ఒక మంచి మాట లేదని కాదు. మా పేట పేరులోనే ధూళి ఉంది, బొమ్మల సీజన్‌లో ఆ తెల్లపొడి అన్నం గిన్నె మీద కూడా పడుతుంది. ఫ్యాన్ లేని సన్న ల్యాప్‌టాప్ ఆ పొడిని లోపలికి లాక్కోదు. 2023లో వచ్చిన జియోబుక్ 990 గ్రాములే, వచ్చినప్పుడు దాని ధర 16,499. దాంట్లోనూ 4 జీబీ, 64 జీబీలే. ఐదో తరగతి పిల్ల పాఠాలు చూసుకోవడానికి పనికొస్తుంది, కాదనను. డిగ్రీ మూడేళ్ళు దాని మీద లాగమంటేనే నాకు అభ్యంతరం.

మరి ఏం కొనాలి? కొత్తదే కావాలంటే 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ కంటే తక్కువది ముట్టుకోవద్దు. "ర్యామ్ స్లాట్ ఉందా?" అని అడగండి. కొట్టువాడు నసిగితే లేదని అర్థం. అంత డబ్బు లేకపోతే ఆఫీసులు వాడి వదిలేసినవి చూడండి. థింక్‌ప్యాడ్ టీ480 అని 2018 నాటిది, దాదాపు 20 మిల్లీమీటర్ల మందం, కిలోన్నర పైచిలుకు బరువు. రెండు ర్యామ్ స్లాట్లు, వెనకనుంచి ఊడదీసి మార్చుకునే బ్యాటరీ. పాతదాంట్లో బ్యాటరీ అరిగిపోయి ఉంటుంది గనక ఆ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. ఇంకో జాగ్రత్త, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరంగానీ ఆ తర్వాతదిగానీ ఉండాలి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, అంతకంటే పాత ప్రాసెసర్లను విండోస్ 11 ఒప్పుకోదు.

మా ఆయనకి ఈ గొడవ నచ్చలేదు. "కొనుక్కునేది వాళ్ళు, నీకెందుకు?" అన్నారు. ఆయన ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ఉంది. వాడేది సినిమాలు చూడ్డానికి, నెలకోసారి కరెంటు బిల్లుకి. నేను వారానికి రెండు వ్యాసాలు రాస్తాను, ఇంటి లెక్కలు రాస్తాను, మా పాప ప్రాజెక్టులు నా దాంట్లోనే జరగాలి. మీ ఇళ్ళలో ఎవరి దగ్గర ఏముందో ఒకసారి చూసుకోండి.

నిన్న ముగ్గురం సికింద్రాబాద్ సీటీసీకి పోయాం. ఒక కొట్టులో టీ480కి 19 వేలు చెప్పారు. పక్కింటామె చేత్తో తూచి మొహం ముడిచింది. "మోటుగుంది దీదీ." అబ్బాయి ధర మాట్లాడుతుంటే పిల్ల అడ్డుపడి, "అన్నా, వెనక మూత తీసి చూపించు" అంది. అతను మొదట నవ్వాడు, తర్వాత స్క్రూలు విప్పాడు. రెండు స్లాట్లలో ఒకదాంట్లో 8 జీబీ ఉంది, రెండోది ఖాళీ. పిల్ల ఫోటో తీసుకుంది.

వాళ్ళమ్మ వంగి చూసి, "ఒక గది ఖాళీగుంది కదా భయ్యా" అంది. "ఆ గది కిరాయి తగ్గించు."