మ్యూజియం తలుపులు ఒక్క సాయంత్రమైనా తెరవండి

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

ఢిల్లీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న గుంటూరు అమ్మాయిని. ఆఫీసు 6:30 దాకా, సెలవు ఆదివారమొక్కటే. అందులో సగం బట్టలుతకడానికే సరి. సాయంత్రాలు ఇండియా గేటు దగ్గర షికారుకీ, చాందినీ చౌక్‌లో జిలేబీకీ కొదవలేదు. ఇంటి రుచి గుర్తొస్తే ఆంధ్రా భవన్ భోజనం ఉండనే ఉంది. కానీ జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియం 6 గంటలకే మూసేస్తారు. మొహెంజొదారో నర్తకి కంచుబొమ్మ అక్కడే ఉంది. ఎత్తు పట్టుమని 11 సెంటీమీటర్లు లేదు, నడుం మీద చెయ్యేసిన ఆ దర్జా చూడాలి! మా నాగార్జునకొండ శిల్పాలూ అక్కడున్నాయి. ఉద్యోగం చేసుకునేవాళ్లు వాటిని తీరిగ్గా చూసేదెప్పుడు? పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం బుధ, శుక్రవారాల్లో రాత్రి కూడా తెరిచే ఉంటుంది. మన దగ్గర వారానికొక్క సాయంత్రం, 9 గంటల దాకా తెరిపించండి. టిక్కెట్టు కొనుక్కునే వస్తాం.

ఇట్లు,
ఒక ఇంటర్న్