సంతకానికి సలాం, సాలూరు లారీకి సెలవా?

పాత కాయితాలు పోగుచేసే పెద్దమనుషులతో నాకో తగవుంది. పోగుచెయ్యడం తప్పని కాదు. ఏవి పోగుచేస్తున్నారన్నదే తగవు.

1850లో అమెరికాలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనే కంపెనీ పుట్టింది. అప్పట్లో దానికి కార్డుల గొడవ లేదు. పెట్టెలూ, మూటలూ, డబ్బు సంచులూ ఊరినుంచి ఊరికి గబగబా చేరవెయ్యడమే పని. ఆ రోజుల వాటా పత్రాలమీద హెన్రీ వెల్స్, విలియం ఫార్గో అనే దొరలు స్వహస్తాలతో చేసిన సంతకాలుంటాయి. వాటికోసం సేకర్తలు వేలంపాటల్లో పోటీలు పడతారు. పత్రం ఏనాడో రద్దయినా సంతకం మాత్రం చెల్లుతూనే ఉంది!

సరదా అనేసి కొట్టిపారెయ్యను. 1965 దాకా ఆ సంస్థ పరిమిత పూచీ కంపెనీ కాదు. అది మునిగితే అప్పు వాటాదారు గుమ్మంలోకే రావచ్చు. అలాంటి కథ వెనక ఉన్న కాయితం దాచదగ్గదే.

అయితే అయ్యా, ఆ ఆల్బముల్లో సంతకం పెట్టినవాడున్నాడు; మూట మోసినవాడేడీ?

మన సాలూరు సంగతే చూడండి. విజయనగరం జిల్లాలో ఉండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఈ ఊరికి లారీల ఊరని పేరు. కొండ దిగువన కూచుని, ఘాటీరోడ్డు మీదుగా కోరాపుట్టుకీ, ఆపైన రాయపూరుకీ సరుకు తోలింది. ఆ లారీల వే బిల్లులేవీ? బజ్జీల పొట్లాలయ్యాయి, మిగిలినవి చెదలు తిన్నాయి. "ఏటి బాబూ, ఆ చిత్తుకాయితాలకి ధరెవలిస్తారు?" అంటారు. ఎవరూ ఇవ్వరు. ధర పలికితేనే విలువన్నవాడికి తాతగారి ఉత్తరం కన్నా లాటరీ టిక్కెట్టే గొప్ప.

వాటా పత్రం చెప్పేదేమిటి? డబ్బెవడు పెట్టాడో, ఎంత పెట్టాడో. అంతే. మాసిన వే బిల్లుని అడగండి: ఏ సరుకు, ఎన్ని బస్తాలు, ఎంత బరువు, కిరాయెంత, పంపిందెవరు, పుచ్చుకుందెవరు, లారీ నెంబరేమిటి, అన్నీ చెబుతుంది. ఒక ప్రాంతం ఏం తిందో, ఏం అమ్ముకుందో రాయడానికి రేపటివాడికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పైగా వ్యవధి లేదు. 1996లో చట్టం వచ్చాక వాటా పత్రాలు కంప్యూటరులోకి పోయాయి. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లూ వచ్చేసింది. ఇకమీదట కాయితం పుట్టడం తక్కువ. ఉన్నదే మనకి మిగిలేది.

కాబట్టి సేకర్త మహాశయులకి నా మనవి ఒక్కటే. ఫార్గో సంతకం కొనుక్కోండి, వద్దనను. ఈసారి సాలూరు వెళ్లినప్పుడు మాత్రం ఏ పాత లారీ ఆఫీసు అటకమీదనైనా ఓ కట్ట కనిపిస్తే, దుమ్ము దులిపి గ్రంథాలయానికి అప్పగించండి. వాటిమీద పేరున్నవాడి సంతకం ఉండకపోవచ్చు. డ్రైవరు వేసిన వేలిముద్ర ఉంటే ఉండొచ్చు. ఘాటీ ఎక్కించింది ఆ చెయ్యే.