తెలివి మాత్రలు

మిథైల్‌ఫెనిడేట్ ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్య ఉన్న పిల్లలకు నిజమైన ఆసరా. డాక్టరు పరీక్షించి రాసిస్తే తల్లిదండ్రులు జంకనక్కర్లేదు. మోడాఫినిల్ పట్టపగలే నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ రోగుల మందు. పరీక్షల ముందు ఆరోగ్యవంతులు వీటిని తెలివి మాత్రలని మింగడమే మా ఆందోళన. 2023లో వెలువడిన మెల్‌బోర్న్, కేంబ్రిడ్జ్ పరిశోధకుల అధ్యయనంలో 40 మంది ఆరోగ్యవంతులకు ఈ మందులిచ్చారు. పరిమిత బరువు పట్టే సంచిలోకి అత్యధిక విలువ వచ్చేలా వస్తువులు ఏరాలి, అదీ లెక్క. మందు పడ్డాక ఎక్కువసేపు కుస్తీ పట్టారు, వస్తువులు పదేపదే మార్చారు. ఎంపిక మాత్రం నాసిరకమైంది. పైగా ఈ మందులతో గుండెదడ, నిద్రలేమి రావచ్చు. చదివింది మెదడులో కుదురుకునేదే నిద్రలో కదా! చీటీ లేకుండా వీటిని అమ్మే మందుల షాపులను ఔషధ నియంత్రణ అధికారులు పరీక్షల కాలంలోనైనా తనిఖీ చేయాలి.