రేగడిలో రోడ్డు: లోపం తారులో కాదు, అడుగున!

నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడి పొలాల మధ్య వేసిన తారు రోడ్లు వానాకాలం దాటేసరికి కుంగడం, బీటలు వారడం రైతులకు కొత్త కాదు. కంకర తగ్గించారని, తారు తక్కువ పోశారని జనం అనుకుంటారు. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. అయితే చాలాసార్లు అసలు లోపం కంటికి కనిపించని అడుగు మట్టిలోనే వుంటోంది.

రేగడి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. నానిన రేగడి బండి బరువును మోయలేదు. ఇంజనీర్లు మట్టిని 4 రోజులు నీటిలో నానబెట్టి పటుత్వం పరీక్షించేది అందుకే.

దీనికి రెండు మార్గాలున్నాయి. రేగడిని తవ్వి తీసి, గరుసు పోసి రోలరుతో తొక్కించడం ఒకటి. గరుసు దూరమైతే ఖర్చు పెరుగుతుంది. రెండవది సున్నం కలపడం. మట్టి బరువులో సాధారణంగా నూటికి 3 నుంచి 8 పాళ్ల సున్నం తగు తడితో కలిపి, రోలరు తొక్కించి, కొన్నాళ్లు తడి ఆరకుండా వుంచితే ఉబ్బే గుణం తగ్గి మట్టి గట్టిపడుతుంది.

పక్క కాల్వలు లేకుంటే ఈ రెండూ దండగే. కాల్వను పొలంలో కలుపుకొనేవారు, మడి నీటిని రోడ్డు మీదికి వదిలేవారు కూడా ఈ నష్టానికి బాధ్యులే.

2000లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ పథకం రోడ్లను 5 ఏళ్లపాటు కాంట్రాక్టరే బాగుచేయాలి. అడుగు మట్టిని సరిచేయకపోతే గుంటలు పూడ్చడంతోనే ఆ గడువు తీరిపోతుంది. ఆ తరువాత బాధ గ్రామానిదే. కనుక తారు పోసేనాడు కాదు, మట్టి పని జరిగేనాడే గ్రామస్థులు వెళ్లి చూడటం మంచిది.