పిల్లలు అడిగే నాటికి

దుబాయి, మస్కట్, బహ్రెయిన్ గదుల్లో సెలవునాడు ఫోనులో దీన్ని చదువుకునే మన సంఘపు బిడ్డలకు ప్రత్యేకంగా వందనాలు.

ఈసారి ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాం. పాస్టరుగారు కూడా గేముల్లో పడ్డారా అని నవ్వకండి. క్రిస్మస్ సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మన యువకుడొకడు తన ల్యాప్‌టాప్‌లో చూపించాడు. కాల్చడం లేదు, చంపడం లేదు, పందెం లేదు. గంటన్నరలో అయిపోయింది. దాని పేరు 'వెంబా'. కెనడాలోని టొరంటోకు చెందిన విసాయ్ గేమ్స్ వాళ్లు 2023 జూలైలో విడుదల చేశారు. 2024లో దానికి బ్రిటన్‌లో బాఫ్టా పురస్కారం కూడా వచ్చింది.

కథ చిన్నది. వెంబా అనే తమిళ స్త్రీ 1980ల చివర్లో భర్తతో కెనడాకు వలస పోతుంది. ఆమె దగ్గర తన తల్లి ఇచ్చిన వంటల పుస్తకం ఒకటుంది. కాగితాలు చినిగి, అక్షరాలు చెరిగిపోయాయి. ఇడ్లీ పాత్రలో దేని తర్వాత ఏది పెట్టాలో మిగిలిన ముక్కలు చూసి మనమే పోల్చుకోవాలి. అదే ఆట. కొడుకు కవిన్ పెరిగే కొద్దీ ఇంటి భాషకూ ఇంటి తిండికీ దూరమవుతాడు. తండ్రి చనిపోతాడు. తల్లి ఇండియాకు తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు ఆ కొడుకు ఒంటరిగా ఆ పుస్తకం తెరుస్తాడు. అమ్మమ్మ రాసిన తమిళం చదవడం అతనికి కష్టమవుతుంది.

అక్కడికి వచ్చేసరికి మేము మాట్లాడలేకపోయాం. ఎందుకో మీ ముందు ఒప్పుకుంటాం.

మా అవ్వ బీడీలు చేసి మమ్మల్ని చదివించింది. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, మా ఇంట్లో మొదటిసారి ప్రార్థన ఎట్లా జరిగిందో, ఎవరు వచ్చి కూర్చున్నారో, ఆ రోజు ఇంట్లో ఏముందో చెప్పేది. మేము సగం విని సగం వదిలేశాం. అవ్వ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. పోయినేడు ఆమె ప్రభువునందు నిద్రించింది. మొన్న మా బిడ్డ అడిగింది, "బాపు, బాపమ్మకు మొదలు యేసయ్య గురించి ఎవరు చెప్పిండ్రు?" మా దగ్గర జవాబు లేదు. ఎన్నో ఊళ్లలో ఎందరికో వాక్యం చెప్పిన మేము మా సొంత ఇంటి సాక్ష్యం పోగొట్టుకున్నాం.

మన మెట్‌పల్లి ప్రాంతంలో ఈ నష్టం ఇంకా పెద్దది. వెంబా భర్తతో కలిసి వలస పోయింది. మన ఇళ్లలో తండ్రి ఒక్కడే గల్ఫ్‌కు పోతాడు. రెండేళ్లకోసారి వస్తాడు. సూట్‌కేసు తెరిస్తే పిల్లలు దగ్గరికొస్తారు, ఎత్తుకోబోతే నాయినమ్మ వెనుక దాక్కుంటారు. రోజూ వీడియో కాల్ ఉంది కదా అంటారు. నిజమే, కానీ ఆ కాల్‌లో ఏం మాట్లాడుతున్నాం? పైసలు పడ్డాయా, మిత్తి కట్టినవా, మార్కులెన్ని. ఇరవై ఏండ్ల తర్వాత ఆ పిల్లవాడు బాపును తలుచుకుంటే ఈ మూడు ప్రశ్నలే గుర్తుంటాయి.

యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం చూడండి. యొర్దాను దాటిన ప్రజలు నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు మోసుకొచ్చారు. ఎందుకు? రేపు పిల్లలు వాటిని చూసి ఇవేమిటని అడగాలి, తల్లిదండ్రులు జరిగింది చెప్పాలి. రాళ్లను నిలబెట్టడంతోనే పని అయిపోలేదు. చెప్పే నోరు కూడా ఉండాలి.

అందుకే గేములన్నీ పాపమని తీర్పు చెప్పేవారితో మేము ఏకీభవించం. పొద్దంతా ఫోను పట్టుకుంటే చదువూ నిద్రా పాడవుతాయి, పందేల గేములు ఇళ్లు కూలుస్తాయి, అందులో సందేహం లేదు. కానీ పిల్లవాడి చేతిలోంచి ఫోను లాక్కున్న తర్వాత ఆ ఖాళీలో మనం ఏం పెడుతున్నాం? ఏమీ పెట్టకపోతే వాడు మళ్లీ ఫోనుకే పోతాడు. అయితే ఎంత మంచి గేమైనా చూపించేది వేరే వాళ్ల అమ్మను. మీ అమ్మను మీరే చూపించాలి.

పొద్దంతా పనిచేసి వచ్చాక కథలు చెప్పే ఓపిక ఎక్కడిదని అక్కలు అడుగుతారు. న్యాయమైన మాటే. కానీ వెంబా కథ చెప్పడానికి వేరే కూర్చోలేదు, వంట చేసింది. మీరు సర్వపిండి చేసేటప్పుడు బిడ్డనూ కొడుకునూ పక్కన కూర్చోబెట్టుకోండి. గంజుకు పిండి ఒత్తనివ్వండి, వేలితో బొక్కలు పెట్టనివ్వండి, నూనె మాత్రం మీరే వేయండి. మొదటిది తీశాక వేడి గంజుకు పిండి అంటదని, నీళ్లు పోసి చల్లార్చాలని చెప్పండి. నాకిది ఎవరు నేర్పారో తెలుసా అని మొదలుపెట్టండి. మిగతా కథ దానంతటదే వస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లారా, ఈ వారం ఒక్క కాల్‌లో మార్కులు అడగకండి. చిన్నప్పుడు మీరు ఏ చెరువులో ఈత కొట్టారో, మీ బాపు చేతిలో ఎందుకు దెబ్బలు తిన్నారో చెప్పండి. యువతీయువకులారా, ఇంట్లో ముసలివాళ్ల మాట ఫోనులో రికార్డు చేయండి. ఫోనుకు ఇంతకంటే మంచి పని లేదు.

కవిన్ చివరికి తల్లి దగ్గరికి వస్తాడు. అతనికి ఆ సమయం దొరికింది, మాకు దొరకలేదు. మీలో చాలామందికి ఇంకా ఉంది. ఈ రాత్రే అడగండి. అడిగే మనసు పిల్లలకు, చెప్పే ఓపిక పెద్దలకు ప్రభువు దయచేయును గాక. ఆమెన్.